అరికాలి చుక్క

నమోదు 1

మా భూలక్ష్మి నీళ్ళోసుకుంది! ఇంకోసారి రాస్తాను, రాయకుండా చెయ్యి ఆగడం లేదు: మా బిడ్డ, మాకు మిగిలిన ఒక్కగానొక్క బిడ్డ భూలక్ష్మి, పెళ్ళయిన ఇన్నేళ్ళకు నీళ్ళోసుకుంది!

ఈ పుస్తకంలో ఎలుకల తిండి, నీళ్ళు, బరువు తప్ప మరేమీ రాయొద్దని ఇక్కడి పరీక్ష నడిపే నుస్రత్ మేడం గట్టిగా చెప్పింది. మరి నేనేం చేసేది? ఐదో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని కూతురు ఒట్టు వేయించుకుంది. ముందే బయటపెడితే దిష్టి తగులుతుందని వాళ్ళమ్మ భయం. పోనీ ఒట్టు తప్పుదామన్నా ఈ అరలో ఉన్నవి ఎలుకలు. సరే, వాటికే చెప్పాను. ప్రతి పంజరం ముందూ ఆగి, పేరు పేరునా చెప్పాను.

నేనున్నది ఒక పాత బొగ్గు సొరంగం. గోడలకు సున్నం కొట్టి, మూతికి రెండు ఇనుప తలుపులు పెట్టి ఎలుకల అర చేశారు. ఈ కాన్పు ఎలుకల పరీక్ష పూర్తయ్యేదాకా ఆ తలుపులు తెరవరు. బయటి మనుషులు నాకు వినబడేది గోడలోని మాటల గొట్టంలో నుంచే. ఇవాళ అందులో నుంచి కూతురి గొంతు వచ్చింది.

"బాపూ, నీ పక్కన ఎవరన్న ఉన్నరా?"

"నా పక్కన ఎవరుంటరే, ఎలుకలు తప్ప!"

"గట్టిగ అనకు. అవ్వకు చెప్పిన. ఇగ నీకు చెప్తున్న."

"ఏమైంది బిడ్డా? జ్వరమా?"

"జ్వరం కాదు బాపూ. నెల తప్పింది. మూడో నెల నడుస్తున్నది."

నేను ఎగిరాను. ఇక్కడ కప్పు తక్కువ ఎత్తు. నెత్తి బొప్పి కట్టింది. ఆ బొప్పిని తడుముకుంటూ నవ్వుతూనే ఉన్నాను.

ఇంకా విను. ఇవాళే ఎలుకలు కూడా ఈనాయి. ఎర్రెర్రగా, కళ్ళు తెరవకుండా, చిక్కుడు గింజల్లా పిల్లలు. సూది యంత్రం వాటిని ఒక్కొక్కటే లోపలికి తీసుకుని, తోకలో పొడిచి, మళ్ళీ నా చేతికిచ్చింది. అన్నిటికంటే చిన్నది నా వేలి కణుపంత ఉంది. దానికి చిట్టవ్వ అని పేరు పెట్టుకున్నాను. మా ఇంట్లో పసిబిడ్డ వస్తే ఎవరి కంటా పడకుండా అరికాలిలో నల్ల చుక్క పెడతాం. బుగ్గన పెట్టిన చుక్క అందరికీ కనబడుతుంది, అరికాలిది దిష్టికి మాత్రమే కనబడుతుందని మా అమ్మ చెప్పేది. నా మనవరాలో మనవడో ఇంకా కడుపులో ఉంది, దాని అరికాలు నాకు అందదు. అందుకని దాని బదులు చిట్టవ్వకు పెట్టాను. గోటితో గోడ సున్నం గీకితే బొగ్గు వచ్చింది, కూరలోని నూనెలో రంగరించి చీపురు పుల్లతో అద్దాను.

తిండి వేశాను. నీళ్ళు పెట్టాను. అన్నీ క్షేమం.

నమోదు 9

ఇవాళ పని వివరం సక్రమంగా రాస్తాను. సైరన్ కాగానే పంజరాల్లో పరుపు మార్చాను. దీపాల కింద పండే మక్కజొన్న కంకుల పొట్టే వాటికి పరుపు. తరువాత ఒక్కొక్క ఎలుకనూ గాజు పలక మీద నిలబెట్టాను. పలక కింద యంత్రపు కన్ను ఉంటుంది. అది కింద నుంచి చూస్తుంది, తూస్తుంది, టిక్కుమంటుంది. ఈ ఎలుకలు రెండు రకాలట. ఏది ఏ రకమో నాకు తెలియకూడదట.

"తెలిస్తే మీకు తెల్వకుండనే ఒక రకాన్ని ముద్దు చేస్తరు పోశన్నా" అంది మేడం.

"నేనెందుకు ముద్దు చేస్త మేడం, ఎలుకలను!" అన్నాను, చిట్టవ్వను జేబులోంచి తీస్తూ.

దాని చుక్క పొట్టులో పాకి పాకి చెరిగిపోతోంది. అందుకని రోజూ తూకానికి ముందు మళ్ళీ పెడుతున్నాను.

తిండి ఆవిరి పెట్టెలో నుంచి వస్తుంది. బయటి క్రిమి ఒక్కటి కూడా ఎలుకలకు సోకకూడదని ఏదైనా ఆవిరిలో ఉడికాకే నా దగ్గరికి చేరుతుంది. మా రాజవ్వ సర్వపిండి చేసి పంపింది. తడిసిన అట్టలా వచ్చింది. గొట్టంలో అదే చెప్తే మా ఆవిడ, "ఇంట్ల ఉన్నన్నొద్దులు కరకరలాడితె పండ్లు లేవంటివి, ఇప్పుడు మెత్తగైతె కరకర లేదంటవు, నీకు వండుడు దండుగ" అని గొట్టం మూత టప్పున వేసింది. ఆ మూత చప్పుడు కూడా నాకు బాగుంది. ఇంట్లో తలుపు వేసినట్టే ఉంది.

ఈ పరీక్ష ఎందుకో నాకు అర్థమైనంతలో రాస్తాను. మేడం గొట్టంలో ఓపికగా చెప్పింది.

"మన ఒంట్ల కాపలా కణాలుంటయి పోశన్నా. దేన్ని కొట్టాల్నో దేన్ని ఇడవాల్నో పుట్టంగనే వాటికి తెల్వదు. రొమ్ము ఎముక ఎనక థైమస్ అని చిన్న గ్రంథి ఉంది. అదే వాటి బడి."

"బడంటే పంతులుండాలె గదా?"

"పంతులు లేడు. గోడకు పెట్టిన ముక్కలే పాఠం. ఆ గ్రంథిల ఒక కత్తెర ఉంటది. ప్రొటీన్లను కత్తిరించి, ముక్కలు గోడకు పెడ్తది. ఏ కణమైతే ఒక ముక్కను కొద్దిగ గుర్తుపడ్తదో అది పాసై బతుకుతది. దేన్నీ గుర్తుపట్టనిది అక్కడ్నే ఆగిపోతది."

ఆ కత్తెరను తయారుచేసే జన్యువు థైమస్‌లో తప్ప ఇంకెక్కడా దాదాపుగా పనిచేయదట. బడి నడిపే కత్తెర మంచిదే కదా అనుకున్నాను. కాదట. ఈ జాతి ఎలుకల్లోనూ, మా బాయిలో, అంటే మేముండే ఈ గనిలో, పుట్టే పిల్లల్లోనూ ఆ కత్తెర కోసిన కొన్ని ముక్కలను చూసి దొంగ కాపలాదారులు పాసైపోతారట. వాళ్ళు బయటికొచ్చి ఒంట్లో చక్కెరను అదుపు చేసే గ్రంథినే కొట్టి చంపుతారట. అదే మేం తీపి జబ్బు అనేది. ఇక్కడి ఎలుకల్లో కొన్నిటికి ఆ కత్తెర జన్యువు తీసేశారు.

"కత్తెర తీసేస్తె బడి బందు పడదా మేడం?"

"వేరే కత్తెరలున్నయి. బడి నడుస్తది. ఆ పాడు ముక్కలు మాత్రం గోడకెక్కవు. కాపలాదార్లు శానామంది మామూలుగనే తయారైతరు, దొంగలు తగ్గుతరు. మనకు కావల్సింది గదే."

మా రాయమల్లు ఆ జబ్బుతోనే పోయాడు. భూలక్ష్మికి తమ్ముడు. ఎప్పుడూ దాహం దాహం అనేవాడు. కుండలో నీళ్ళు చాలక గోడకు కారే నీళ్ళు నాకేవాడు. పైన గాలి పాడై మా తాతలు కిందికి దిగిన నాటి నుంచి ఈ ఐదో బాయిలో ఆ జబ్బుకు ఇచ్చే సూది మందు తయారయ్యేది ఒక్క తొట్టిలోనే. ఉన్న పిల్లలకే అది చాలడం లేదు. కొత్త బిడ్డ జబ్బు పడితే ఇచ్చే సూది లేదు. అల్లుడు సమ్మయ్య తరఫున కూడా ఇద్దరు పిల్లలు అలాగే పోయారు. రెండు వైపులా ఉన్న జబ్బు పుట్టబోయేదాన్ని వదలదని అందరికీ తెలుసు.

ఒక్కటే దారి. కడుపులో ఉండగానే ఆ కత్తెరను మూసే మందును మేడం తయారుచేసింది. ఐదో నెల దాటకుండా ఇవ్వాలి. ఆ తరువాత బిడ్డ గ్రంథిలో బడి బాగా సాగిపోయి, దొంగలు అప్పటికే పాసై ఉంటారు. బాయి పెద్దల కమిటీ షరతు ఏమిటంటే, కత్తెర లేని ఎలుకల్లో ఒక్కదానికి కూడా తీపి జబ్బు రాకూడదు. వస్తే మందు లేదు.

అందుకే నేను లోపల ఉన్నాను. ఇది ఒప్పుకున్నప్పుడు నాకు మనవల ఆశ కూడా లేదు. ఇప్పుడు చూడు, నేను కాపలా కాస్తున్నది నా మనవరాలికే!

నమోదు 21

నోరు ఆపుకోవడం ఇంత కష్టమని తెలియదు. బయటి తలుపు దగ్గర ఐలయ్య కాపలా ఉంటాడు, నాకు వరసకు బామ్మర్ది. ఇవాళ గొట్టంలో పలకరించాడు.

"ఏం బావా, ఒక్కనివే నవ్వుతున్నవట? లోపట పిచ్చి లేసిందా?"

"ఎలుకలు పరాచికాలాడుతున్నయిరా."

"గట్లనా! మా అక్క కంటె నయమే. ఏమంటున్నయి?"

"తాతా తాతా అంటున్..." అన్నాను, నాలుక కరుచుకున్నాను.

"తాతనా? నిన్ను ఎలుకలు తాత అనవట్టెనా! మేడంకు చెప్పాల్నా, నిన్ను బయటికి గుంజుమని?"

"తోకా తోకా అన్న! చెవుడా నీకు?"

ఐలయ్యకు చెబితే ఐదో బాయి మొత్తానికి మైకులో చెప్పినట్టే. గొట్టం మూత వేసి, దాని మీద తువ్వాల కుక్కాను. మాట నా కడుపులో ఉడుకుతోంది. రెండు తలుపుల వెనక నేను, నా పళ్ళ వెనక ఈ మాట. ఎవరు ముందు బయటపడతామో చూడాలి.

చిట్టవ్వ ఇప్పుడు బాగా నల్లగా బొచ్చు వేసింది. నేను పిలిస్తే వస్తుంది. తిండి కోసమే అయినా వస్తుంది.

నమోదు 44

ఇవాళ భూలక్ష్మికి వాంతులు. గొట్టంలో వింటున్నాను. ఆమె కక్కుతోంది, వాళ్ళమ్మ వీపు నిమురుతోంది, నేను ఇక్కడ గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఈ అర నాకు ఇరుకు అనిపించలేదు. గనిలో పుట్టినవాడికి ఇరుకేమిటి? ఇవాళ అనిపించింది. గోడ మందం ఎంతుంటుంది? నాలుగు మూరలుంటుందేమో. ఆ నాలుగు మూరల అవతల నా బిడ్డ వంగి కూర్చుంది.

"బాపూ, ఏడుస్తున్నవా?"

"లేదే. ఎలుకల పొట్టు కండ్లల్ల పడ్డది."

"నాకు పుల్లగ తినబుద్దైతున్నది. చింతపండు దొరుకుతలేదు."

"నేను బయటుంటె తెద్దును."

"నువ్వు బయటుంటె నాకీ మందే రాదు గదా బాపూ. ఉండు. లోపట్నే ఉండు."

ఉండు అంటే ఉంటాను. తలుపు లోపలి వైపున ఒక గడియ ఉంది. నేను ఎప్పుడైనా తీసుకుని పోవచ్చు. తీసిన మరుక్షణం పరీక్ష ముగిసినట్టే. నిజం రాయాలంటే, ఆ గడియ అటు నుంచి వేసి ఉంటేనే నాకు హాయిగా ఉండేది. చేతికి అందేలా ఉండటం వల్ల రోజూ దాని పక్క నుంచి తల తిప్పుకుని నడవాల్సి వస్తోంది.

అన్నట్టు, కొన్ని ఎలుకలు జబ్బు పడటం మొదలైంది. జబ్బు పడ్డవాటి సంగతి నాకు చెప్పినా తప్పు లేదట, అవి కత్తెర ఉన్నవేనట. మేడం గొంతులో సంతోషం దాగడం లేదు. జబ్బు పడిన ఎలుకలను చూస్తే జాలి, ఆ గొంతు వింటే సంబరం. రెండూ నాలోనే ఉన్నాయి.

నమోదు 71

ఇవాళ చిట్టవ్వ నీళ్ళ సీసా ఖాళీ అయింది.

సీసా కారిందేమోనని చూశాను. కారలేదు. మళ్ళీ నింపాను. మధ్యాహ్నానికి సగమైంది. దాని కింద పొట్టు తడిసి ముద్దయింది. అది సీసా మూతిని పట్టుకుని తాగుతూనే ఉంది, రెండు ముందు కాళ్ళతో, మా రాయమల్లు గోడను పట్టుకున్నట్టు.

ఫరవాలేదు, అన్నాను దానితో. నువ్వు కత్తెర ఉన్నదానివే అయ్యుంటావు. నీకు రావలసిందే వచ్చింది. ఇలా ఒక ప్రాణిని ఓదార్చవచ్చా? అయినా అలాగే ఓదార్చాను.

నమోదు 73

పొద్దున్నే మేడం గొట్టంలో పిలిచింది.

"పోశన్నా, అయిపోయింది. కత్తెర లేనిదానికి వచ్చింది."

"ఎన్నిటికి?"

"ఒక్కదానికే. ఒక్కటి చాలు గదా. రేపు కమిటీ కూసుంటది. మందు ఆపేస్తరు."

పంజరాల మధ్య కూర్చుని వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను. భూలక్ష్మికి ఐదో నెల నడుస్తోంది. ఇంకో కాన్పు ఎలుకలు పెరిగేదాకా ఆగితే బిడ్డే పుట్టేస్తుంది.

"మేడం, మిగిలినవి ఎట్లున్నయి?"

"మిగిలిన కత్తెర లేనివి అన్నీ రాళ్ళ లెక్కున్నయి. గదే నాకు అర్థమైతలేదు. గీ ఏడో పంజరంల దానికి ఒక్కదానికే ఎందుకొచ్చిందో."

ఏడో పంజరం చిట్టవ్వది.

"మేడం, అది కత్తెర లేనిదని మీకెట్ల తెల్సు? మీరు దాన్ని చూడనే లేదు."

"యంత్రం చూస్తది గదా. సూది యంత్రం పుట్టిననాడే తోకల రక్తం చూసి, కత్తెర లేని పిల్లలకు అరికాలిల సిరా చుక్క పొడిచింది. మీ కంటికి కనబడని సిరా. గాజు పలక కిందున్న కన్నుకు మాత్రం నల్లగ కనబడ్తది. చుక్క ఉంటె కత్తెర లేనట్టు, చుక్క లేకుంటె ఉన్నట్టు."

"అరికాలిల" అన్నాను.

"ఆఁ, అరికాలిల. ఏం?"

చిట్టవ్వను తీసి వెల్లకిలా పట్టుకున్నాను. వెనక కాలి అరికాలిలో, చక్కగా, గుండ్రంగా, ప్రతిరోజూ తూకానికి ముందు తాజాగా పెట్టిన బొగ్గు చుక్క నావైపు చూస్తోంది.

"పోశన్నా? ఉన్నరా?"

"మేడం... నేను దానికి దిష్టి చుక్క పెట్టిన."

"ఏం పెట్టిన్రు?"

"దిష్టి చుక్క. అరికాలిల. బొగ్గుతోని. పుట్టిననాటి నుంచి రోజు."

అంత పెద్ద చదువు చదివిన మనిషి, మృదువుగా మాట్లాడే మనిషి, ఆ తరువాత ఉర్దూలో ఏమందో నేను ఇక్కడ రాయను. సగం అర్థమైంది. అది చాలు.

"ఎలుకకు దిష్టి చుక్కనా! ఎలుకకు ఎవరు దిష్టి పెడ్తరు పోశం గారూ? పిల్లులా?"

నాకు గారు తగిలించిందంటే కోపం ఎంత పైకి ఎక్కిందో తెలిసింది.

నమోదు 74

కమిటీ గొట్టం దగ్గరే కూర్చుంది. కమిటీకి పెద్ద అయిన కొమురెల్లి, ఇంకో ఇద్దరు, మేడం. నా కోరిక మీద మా రాజవ్వనూ భూలక్ష్మినీ కూడా పిలిచారు. ఐలయ్యను దూరం పంపేశారు. నాకు వాళ్ళ ముఖాలు కనబడవు, గొంతులే.

"చెప్పు పోశం" అన్నాడు కొమురెల్లి. "ఇన్ని ఎలుకలుండంగ దానికే చుక్క ఎందుకు పెట్టినవు?"

ఇక్కడే నేను చిక్కుకున్నాను. కారణం చెప్పాలంటే కూతురి సంగతి చెప్పాలి. చెబితే, కూతురి మందు కోసం అబద్ధమాడుతున్నానంటారు. చెప్పకపోతే పిచ్చివాడంటారు, పిచ్చివాడి మాట ఎవరు వింటారు? అప్పుడు నా బిడ్డే నోరు విప్పింది.

"నా కోసం పెట్టిండు పెద్దయ్యా. నేను ఐదో నెలల ఉన్న."

"ఓహో!" అన్నాడు కొమురెల్లి. "గదా సంగతి. బిడ్డకు మందు కావాలె, గందుకే జబ్బు పడ్డ ఎలుకకు చుక్క కథ కట్టిండు. ఏ తండ్రైనా గంతే. నేనైనా గంతే."

"కథ కట్టేటంత తెలివుంటె మా ఆయన ఆ బోనుల ఎందుకు కూసుంటడు పెద్దయ్యా?" అంది రాజవ్వ. "పెండ్లినాడు నన్నిడిచి మా చెల్లె మీద తలంబ్రాలు పోసిండు. గసుంటి మనిషి గాయన. ఆయనకు అబద్ధం రాదు. తప్పే వస్తది."

ఎవరో నవ్వారు. కొమురెల్లి నవ్వలేదు. "అట్లయితె కడుగు" అన్నాడు. "అందరం తెర మీద చూస్తం. బొగ్గైతె పోతది, సిరా అయితె పోదు."

సబ్బు పెట్టి కడిగాను. నూనె రాసి తుడిచాను. మళ్ళీ కడిగి గాజు పలక మీద నిలబెట్టాను. యంత్రం టిక్కుమంది.

"చుక్క ఉంది" అన్నాడు కొమురెల్లి.

మళ్ళీ కడిగాను. చిట్టవ్వ కిచకిచలాడింది. చర్మం ఎర్రబడింది కానీ చుక్క పోలేదు. అప్పుడు నా పిడికిలి నాకు కనబడింది. వేళ్ళ కణుపుల మీద నీలి మచ్చలు. పనిలో గాయమైనప్పుడు బొగ్గు లోపల చేరి, పైన చర్మం మూసుకుంటే వచ్చే మచ్చలు, చచ్చినా పోవు. మా బాయిలో ప్రతి ముసలివాడి చేతుల మీదా అవే. చీపురు పుల్ల ఎప్పుడో గీరుకుని ఉంటుంది. ఆ గీత మీద రోజూ బొగ్గు అద్ది అద్ది, నా చేతికి గని చేసిందే నేను ఆ చిన్న కాలికి చేశాను.

ఆ మాటే చెప్పాను. వాళ్ళ చేతులు వాళ్ళు చూసుకుంటున్నారేమో. కొమురెల్లివీ గని చేతులే.

"తోక కొస పంపండి" అంది మేడం. "లోపటికి ఆవిరి లేకుండ ఏదీ పోవద్దు గని బయటికి వస్తె తప్పు లేదు. దాంట్ల కత్తెర జన్యువు ఉందో లేదో నేనే చూస్త. నా సూది యంత్రం ఒక దిక్కు, నా చూసే యంత్రం ఒక దిక్కు, రెండు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండ పెట్టిన. ఆ తప్పు నాదే."

కొమురెల్లి ఒక షరతు పెట్టాడు. పరీక్ష మా వైపు తేలినా కూడా, చూసుకునేవాడి చెయ్యి పడ్డ కాన్పు ఇది. మందు ఇప్పుడు కావాలన్నవాళ్ళకు వాళ్ళ ఇష్టం మీద ఇస్తారు. కానీ వెంటనే ఇంకో కాన్పు ఎలుకలను, ఏ చుక్కలూ లేకుండా, చివరిదాకా పెంచి చూపాలి. మనిషిని మార్చాలంటే తలుపు తీయాలి. తలుపు తీస్తే క్రిమి సోకుతుంది.

"అంటె నువ్వే ఉండాలె పోశం. నీ బిడ్డ పురుడైపోయి, పిల్ల పాకే దాకా."

"ఉంట" అన్నాను.

"బాపూ, జర ఆలోచించు..."

"ఉంటనన్న గదనే. ముందు తోక తేల్చున్రి."

తోక కొస నేనే కోశాను. చిట్టవ్వ నా వేలు కొరికింది. కొరకనీ, అనుకున్నాను.

నమోదు 75

కత్తెర ఉంది! చిట్టవ్వకు కత్తెర ఉంది! శుభ్రంగా, నిండుగా, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన కత్తెర ఉంది! కత్తెర లేని ఎలుకల్లో ఒక్కటంటే ఒక్కదానికి కూడా జబ్బు లేదు!

మేడం గొట్టంలో అరిచింది, నేను లోపల అరిచాను, మా ఇద్దరి అరుపులకూ ఎలుకలు పొట్టులో దూరాయి. ఈసారి కప్పు చూసుకునే ఎగిరాను.

తరువాత నా అరచేతిలోకి చూశాను. చిట్టవ్వ బరువు లేకుండా ఉంది. వెన్ను ఎముకలు వేలికి తగులుతున్నాయి. దానికి జబ్బు వచ్చిందని, అది రావలసినదానికే వచ్చిందని, నేను దాన్ని చేతిలో పెట్టుకుని ఎగిరాను.

"మేడం, దీనికి సూది మందు..."

"పోశన్నా" అంది మేడం మెల్లగా.

అడగకూడదని నాకు తెలుసు. ఆ చుక్క మందు ఏ బిడ్డ వాటాలోదో కూడా తెలుసు. అయినా అడిగాను. నొప్పి లేకుండా నిద్రపుచ్చే పొడి ఆవిరి పెట్టెలో వచ్చింది. నీళ్ళలో కలిపాను. దాహం కదా, వెంటనే తాగింది. నా చేతిలోనే పడుకుంది. ఎంతో సేపు పట్టలేదు.

ఏడో పంజరం ఖాళీ. పరుపు మార్చాను.

నమోదు 78

భూలక్ష్మికి మందు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు గొట్టం మూత తీసి పెట్టమన్నాను. సమ్మయ్య చెయ్యి పట్టుకున్నాడట, రాజవ్వ తల పట్టుకుందట, నాకు పట్టుకోవడానికి గొట్టం మూతి దొరికింది. చల్లగా ఉంది. దాన్నే పట్టుకున్నాను. బిడ్డ కడుపులో కదులుతోందని, కొడుకో కూతురో కానీ కాలితో తన్నుతోందని మేడం చెప్పింది.

కొత్త కాన్పు కోసం ఈ అరలోనే ఉన్న తల్లి ఎలుకలను ఇవాళే వేరే పంజరాల్లోకి మార్చాను. నేను పురిటికి ఉండను. పురుడు పోసిన రోజు ఏడుపు గొట్టంలో వింటాను, నవ్వు నేర్చిన రోజు నవ్వు గొట్టంలో వింటాను. తలుపు తీసేసరికి అది నన్ను చూసి ఏడుస్తుంది, కొత్త ముసలోడు ఎవరని. ఏడవనీ. ఏడ్చేంత ఊపిరి ఉంటే చాలు. ఇవాళ గడియ పక్క నుంచి నడుస్తూ దానివైపు తిరిగి చూశాను. ఏమీ అనిపించలేదని రాయలేను. తువ్వాల తెచ్చి దాని మీద వేలాడదీశాను.

మధ్యాహ్నం కూతురు పిలిచింది.

"ఐదో నెల నిండింది బాపూ. ఇగ నీ నోరు నీ ఇష్టం."

ఆ మాటకే కాచుకుని ఉన్నాను. ఐలయ్యను గొట్టం దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాను. సంగతి చెబితే ఏడ్చాడు, తరువాత ఇన్నాళ్ళూ దాచానని తిట్టాడు. ఇద్దరం కలిసి ఎవరెవరికి చెప్పాలో అనుకున్నాం. మరిచిపోతాడని ఇక్కడ రాసి, గట్టిగా చదివి వినిపిస్తున్నాను:

మా వియ్యపురాలు మధునక్కకు. అందరికంటే ముందు ఆమెకే. రెండోది తానని తెలిస్తే పురిటి దాకా మాట్లాడదు.

మా అన్న ఓదెలుకు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి. మొదటిసారి వినబడినట్టు తలూపుతాడు, నమ్మొద్దు, రెండోసారి చెప్పాలి.

మా చెల్లె లచ్చవ్వకు, పుట్టగొడుగుల మడుల దగ్గర ఉంటుంది. పని మధ్యలో చెప్పొద్దు, కత్తి చేతిలో ఉంటుంది.

రాజవ్వ తమ్ముడు కనకయ్యకు. మాటలు లేక చాలా ఏళ్ళయింది. అయినా చెప్పాలి. నేను చెప్పమన్నానని చెప్పాలి.

రాజవ్వ చెల్లెకు, తలంబ్రాల చెల్లెకు. నవ్వుతుంది. నవ్వనీ.

సమ్మయ్య వదినె శంకరవ్వకు. తీపి జబ్బుకు తన ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్నది ఆమే. ఆమెకు మాత్రం భూలక్ష్మే స్వయంగా వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పాలి. తొందర లేదు. ముందు మందు సంగతి, తరువాతే కడుపు సంగతి.

కొమురెల్లికి తెలుసు, అయినా భూలక్ష్మికి వరసకు పెదనాన్న, పద్ధతిగా చెప్పాలి.

కడుపులో ఉన్నదానికి. వాళ్ళమ్మ నోటితోనే, రోజూ. గోడకు ఇవతల తాత ఒకడున్నాడని.